సిటీ కౌన్సిల్ మైకు ముందు నా మూడు నిమిషాలు

పోయిన వేసవిలో మా ఊరి సిటీ కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్ళి మైకు ముందు మూడు నిమిషాలు మాట్లాడి వచ్చాను. మా ఊరంటే డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న సబర్బుల్లో ఒకటి. పేరెందుకులెండి, ఆ చుట్టుపక్కల ఏ సబర్బ్‌లో ఉన్నవాళ్ళకైనా ఇది తమ ఊరే అనిపిస్తుంది. అపార్ట్‌మెంటు రోజులతో కలిపి పదకొండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాం, ఇల్లు కొని ఆరేళ్ళయింది, ఏటా ప్రాపర్టీ టాక్స్ కట్టేటప్పుడు నాలుగు తిట్లు తిట్టుకోవడం తప్ప ఆ సిటీ హాల్ లోపల ఏం జరుగుతుందో ఎప్పుడూ చూడలేదు. లైబ్రరీకి ఆనుకునే ఉంటుంది. మా పాపని కథల క్లాసుకి దింపడానికి వందసార్లు ఆ పార్కింగ్‌లోనే కారు పెట్టుంటాను.

వెళ్ళడానికి కారణం ఒక రోడ్డు. మా సబ్‌డివిజన్, అంటే మా ఇళ్ళ కాలనీ, గేటు ముందు నుంచే ఆరు లేన్ల రోడ్డు పోతుంది, స్పీడ్ లిమిట్ 45 మైళ్ళు, అంటే జనం యాభైలో పోతారని అర్థం. అవతలి పక్కన ఇండియన్ గ్రోసరీ, దాని పక్కన ఒక టిఫిన్ సెంటర్, వెనకాల చెరువు చుట్టూ నడవడానికి ట్రెయిల్. సిగ్నల్ దగ్గర దాటాలంటే ఎటువైపు పోయినా అర మైలు. కొట్టు బోర్డు మీద అక్షరాలు మా గేటు దగ్గర నుంచుని చదవొచ్చు, కానీ రూలు ప్రకారం వెళ్ళాలంటే మైలు నడవాలి. కారున్నవాళ్ళకి ఇది సమస్యే కాదు, నాకూ అన్నేళ్ళూ సమస్య కాలేదు.

సమస్యల్లా ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మా వీధుల్లో సాయంత్రం ఏడు దాటాక చూడాలి, చీర కింద స్కెచర్స్ బూట్లు, చేతిలో మడతపెట్టిన సంచి, ఇద్దరిద్దరుగా, నలుగురు నలుగురుగా బయల్దేరతారు. వాళ్ళకి కారు నడపడం రాదు, రోజంతా ఇంట్లో ఏసీలో కూర్చుని విసుగెత్తిపోయి ఉంటారు, ఆ గంటా గంటన్నరే వాళ్ళకి ఊరు. మైలు చుట్టూ తిరిగి ఎవరు వెళ్తారు? మూడు లేన్లు దాటి మధ్యలో మీడియన్ గడ్డి మీద నుంచుంటారు, సందు చూసుకుని మిగతా మూడు లేన్లు దాటతారు. మేం పిల్లలం వద్దంటాం, వాళ్ళు సరేనంటారు, మర్నాడు మళ్ళీ అదే.

2025 మే చివర్లో మా వీధిలోనే ఉండే ఒక పెద్దాయన, అనంతపురం వైపు వాళ్ళు, మీడియన్ అంచు కాలికి తగిలి రోడ్డు మీదకి పడిపోయారు. వెనక వస్తున్న కారావిడ బ్రేకేసి ఆపింది కాబట్టి ఆరు కుట్లతో పోయింది. పక్కన ఉన్నది మా నాన్నే. ఇంటికొచ్చి విషయం చెబుతుంటే ఆయన చేతిలో ఇంకా కరివేపాకు కట్ట అలాగే ఉంది, నలిగిపోయి.

ముందు అందరూ చేసేదే చేశాను, సిటీ యాప్‌లో కంప్లెయింట్ పెట్టాను, క్రాస్‌వాక్, అంటే మన జీబ్రా క్రాసింగ్, కావాలని. తొమ్మిది రోజులకి "క్లోజ్డ్" అని వచ్చింది. ఎందుకు మూసేశారో అందులో ఏమీ లేదు. ఈమెయిల్ రాస్తే ట్రాఫిక్ విభాగం నుంచి చాలా మర్యాదగా జవాబొచ్చింది, వసంతకాలంలో ఆ చోట లెక్క తీశామని, దాటేవాళ్ళ సంఖ్య సరిపోలేదని. దానికో పుస్తకం ఉందిలెండి, అమెరికా మొత్తానికి ఆధారం అదే, ఎక్కడ స్టాప్ బోర్డు పెట్టాలి, ఎక్కడ సిగ్నల్ పెట్టాలి అన్నీ అందులోనే ఉంటాయి. ఎంయూటీసీడీ అంటారు, 2023 డిసెంబరులో పదకొండో ఎడిషన్ వచ్చింది. మనుషులు దాటడానికి బటన్ నొక్కితే వెలిగే హైబ్రిడ్ బీకన్ అనే లైటుంది కదా, దాన్ని పరిశీలించాలన్నా గంటకి కనీసం 20 మంది దాటుతుండాలి, ఆపైన రోడ్డు వెడల్పు, వాహనాల సంఖ్య చూస్తారు. మా దగ్గర లెక్క అంతకంటే బాగా తక్కువ వచ్చిందట.

ఎప్పుడు లెక్కపెట్టారని అడిగాను. బుధవారం, పొద్దున ఏడు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఆరు.

ఆ ఈమెయిల్ నాన్నకి తెలుగులో చెప్పాను. ఆయన కాసేపు నా మొహం కేసి చూసి, "సాయంత్రం నాలుగింటికి ఈ ఊళ్ళో ఎవడు నడుస్తాడే? కుక్కలు కూడా బయటికి రావు" అన్నారు.

నిజమే. జూన్‌లో ఇక్కడ పొద్దు గూకేది ఎనిమిదిన్నర దాటాక. నాలుగింటికి అడుగు బయట పెడితే చెప్పులు అంటుకుంటాయి. వాళ్ళు లెక్కపెట్టింది ఆఫీసులకి పోయి వచ్చే కార్ల టైము, అది వాళ్ళకి అలవాటైన టైము. అందులో దురుద్దేశం ఏమీ లేదు, కానీ మా వాళ్ళు దాటే టైమూ అదీ ఎక్కడా కలవవు.

మా నాన్న గురించి ఒక మాట చెప్పాలి. ఆయన గుంటూరు జిల్లాలో ఒక మున్సిపాలిటీలో ముప్పై ఏళ్ళపైన పనిచేసి రిటైరయ్యారు, బిల్ కలెక్టర్‌గా చేరి మేనేజరు దాకా వెళ్ళారు. అర్జీ అంటే ఆయనకి ప్రాణం. నేను ఈమెయిల్ రాశానంటే ఆయన మొదట అడిగింది "ఇన్‌వార్డ్ నంబరు ఇచ్చారా?" అని. లేదంటే, "మరి నువ్విచ్చావనడానికి రుజువేంటి?" అన్నారు. సెంట్ ఫోల్డర్ చూపించాను. అది ఆయనకి ఆనలేదు.

కౌన్సిల్ మీటింగ్‌లో ఎవరైనా మాట్లాడొచ్చు అని నాకు తెలిసింది పక్క వీధిలో ఉండే ఒకావిడ వల్ల. ఆవిడ రెండేళ్ళ కిందట తన పెరటి గోడ వెనక రెస్టారెంట్ చెత్త బండి తెల్లవారుజామున నాలుగింటికి వస్తోందని వెళ్ళి మాట్లాడారట. నేను మా వాట్సాప్ గ్రూపులో ఈ మాట అనగానే మొదలయ్యాయి. "మనకెందుకండీ, వీసా మీద ఉన్నాం." "వీడియో ఆన్‌లైన్లో ఉండిపోతుంది." "ఇంకెవరైనా సిటిజన్ అయినవాళ్ళతో చెప్పిద్దాం." మా ఆయన కూడా మొదట్లో అదే మాట, బయటికి అనలేదు గానీ. నాకూ భయం లేదని చెప్పను. మాది హెచ్-1బీ, గ్రీన్ కార్డు లైను సంగతి మీకు తెలిసిందే, ఓటు అసలే లేదు. కూర్చుని రూల్స్ చదివాను. పేరూ అడ్రసూ అడుగుతారు, వీసా గురించి గానీ ఓటు గురించి గానీ ఎక్కడా ఒక్క ముక్క లేదు. పైగా టెక్సాస్‌లో 2019 నుంచి చట్టమే ఉంది, అజెండాలో ఉన్న ఏ అంశం మీదైనా జనం మాట్లాడతామంటే కౌన్సిల్ నిర్ణయం తీసుకునేలోపు మాట్లాడనివ్వాలి. టైముకి హద్దు పెట్టుకోవచ్చు. ఇంగ్లీషు రాక అనువాదకుడితో మాట్లాడేవాళ్ళకైతే ఆ టైముకి కనీసం రెట్టింపు ఇవ్వాలి. కౌన్సిల్‌ని విమర్శిస్తున్నారని ఆపకూడదు. ఇదంతా చదివాక నాన్నకి చెబితే ఆయన ఆ రెట్టింపు దగ్గరే ఆగిపోయారు, "అయితే నేను తెలుగులో మాట్లాడి నువ్వు చెప్తే ఆరు నిమిషాలొస్తాయి" అని. నిజంగానే ఆలోచించాను. మూడు నిమిషాల తెలుగుకి మూడు నిమిషాల ఇంగ్లీషు, లాభం ఏమీ లేదని తేలింది.

అసలు ఉపయోగపడిన సలహా ఆ పక్క వీధి ఆవిడ ఇచ్చిందే. "క్రాస్‌వాక్ కట్టండి అని అడక్కు. అది డబ్బు, ఓటు, ఏడాది. కౌన్సిల్ ఓటు వెయ్యక్కర్లేకుండా స్టాఫ్ రేపు పొద్దున చెయ్యగలిగేది ఒక్కటి అడుగు" అన్నారు. అంటే మళ్ళీ లెక్కపెట్టండి, ఈసారి సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్య. అంతే. మా ఆఫీసులో కూడా ఇంత సూటిగా చెప్పేవాళ్ళు లేరు.

ముందు మన లెక్క మన దగ్గర ఉండాలి కదా అని నాన్న ప్రారంభించారు. గరాజ్‌లోంచి సాకర్ మ్యాచ్‌లకి తీసుకెళ్ళే మడత కుర్చీ తీసి, పాప రూళ్ళ నోట్‌బుక్ తీసుకుని, గేటు దగ్గర చెట్టు కింద మూడు సాయంత్రాలు కూర్చున్నారు. స్కేలు పెట్టి గళ్ళు గీశారు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా. పేజీ పైన తేదీ, మొదలుపెట్టిన టైము, ముగించిన టైము, కింద సంతకం, సంతకం కింద బ్రాకెట్లో పేరు. స్ట్రోలర్‌లో ఉన్న పిల్లల్ని కలపాలా వద్దా అని మా ఇంట్లో పెద్ద చర్చ. నేను కలపమన్నాను, మనిషి మనిషే కదా అని. ఆయన ఒప్పుకోలేదు, "వద్దు, ఆడిట్‌లో ఎగిరిపోద్ది" అన్నారు. కలపకుండానే ఏడు నుంచి ఎనిమిది మధ్య ఒక రోజు 31, ఒక రోజు 38, వాన చినుకులు పడ్డ రోజు 22.

ఉపన్యాసం నేను రాశాను. నాలుగు పేజీలొచ్చింది. వంటింట్లో మైక్రోవేవ్ మీద మూడు నిమిషాలు పెట్టి చదివితే, రెండో పేజీ సగంలో ఉండగానే బీప్ బీప్ అని మొదలైంది. మా పాపకి అది పెద్ద ఆట, బీప్ రాగానే చప్పట్లు. మొదట కొట్టేసింది "ఈ అవకాశం ఇచ్చినందుకు" అనే పేరా. తర్వాత పదకొండేళ్ళ నుంచి ఇక్కడున్నామనేది. తర్వాత ఈ ఊరంటే మాకెంత ఇష్టమో. ఇదంతా నేను కాదు, నాలో ఉన్న స్కూలు వక్తృత్వ పోటీ రాసింది. మిగిలినవి మూడు: పెద్దాయన పడిన సంగతి, నాన్న లెక్క, 2011లో రోడ్డు భద్రత మీద పరిశోధన చేసే ట్రిపుల్ ఏ ఫౌండేషన్ వేసిన ఒక రిపోర్టులో మాట. డెబ్బై ఏళ్ళ మనిషిని 25 మైళ్ళ వేగంతో కారు గుద్దితే తీవ్రంగా గాయపడే లేదా చనిపోయే ప్రమాదం ఎంతో, ముప్పై ఏళ్ళ మనిషిని 35తో గుద్దినప్పుడు అంత. మా రోడ్డు మీద 45. ఆ వాక్యం చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేసేది, అందుకే దాన్ని చివర పెట్టాను, ఏడుపొచ్చినా అప్పటికి పని అయిపోయి ఉంటుందని.

ఇంకోటి. టెక్సాస్ చట్టం చూస్తే రెండు సిగ్నళ్ళ మధ్య క్రాస్‌వాక్ గీతలు లేని చోట నడిచి దాటడమే తప్పు. అంటే కెమెరా ముందు మా నాన్న రోజూ దాటతాడని చెబితే ఆయన్ని నేనే పట్టిచ్చినట్టు. "మా నాన్న" అని ఉన్నచోటల్లా "పెద్దవాళ్ళు" అని మార్చాను. నాన్నకి ఇది చెప్పలేదు. చెబితే మీటింగ్‌కే రానంటారు, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక్క మెమో లేని మనిషి.

మీటింగ్ మంగళవారం సాయంత్రం ఆరున్నరకి. నాన్న ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని జేబులో పెన్ను పెట్టుకుని గంట ముందే తయారు. ఆయన ఊహలో జనం కిటకిటలాడుతుంటారు, బయట పోలీసులుంటారు. లోపల నూటయాభై కుర్చీలుంటే ముప్పై మంది ఉన్నారు. అందులో సగం మంది స్కౌట్ డ్రస్సుల్లో ఉన్న పిల్లలు, వాళ్ళ అమ్మలూ. వాళ్ళకి ఒక మెరిట్ బ్యాడ్జ్ ఉంది, అది రావాలంటే ఇలాంటి మీటింగొకటి చూడాలి.

తలుపు దగ్గర బల్ల వెనక ఉన్నావిడ ఒక కార్డిచ్చింది. పేరు, అడ్రసు, అంశం, అజెండా ఐటం నంబరు. మా రోడ్డు అజెండాలో లేదు కాబట్టి ఆ గడి ఖాళీగా వదిలెయ్యమంది. నాన్న లెక్కల కాగితాలు పది కాపీలు తీసుకెళ్ళాను, కౌన్సిల్ వాళ్ళకి నేరుగా ఇవ్వకూడదట, సిటీ సెక్రటరీ చేతికిస్తే ఆవిడ పంచుతారు. ఆవిడ కాగితాలు తీసుకుని, పైదాని మీద రబ్బరు స్టాంపు ఠప్పున వేసింది. "రిసీవ్డ్", తేదీ. నాన్న నా మోచెయ్యి పట్టుకున్నారు. "మనకో కాపీ మీద కూడా వెయ్యమను." అడిగాను. వేసింది. ఆయన దాన్ని ఫోనుతో ఫొటో తీసి అక్కడే నిలబడి మా బాబాయికి పంపారు. నాకు తెలిసి ఆ ఆరు నెలల్లో అమెరికా ఆయనకి బాగా నచ్చింది ఆ క్షణమే, నయాగరా కాదు.

మొదట ప్రార్థన, తర్వాత అమెరికా జెండాకి ప్రతిజ్ఞ, వెంటనే టెక్సాస్ జెండాకి ఇంకో ప్రతిజ్ఞ. "ఇంకోటా?" అన్నారు నాన్న మళ్ళీ లేస్తూ. తర్వాత ప్రశంసాపత్రాలు, ఫొటోలు. ఫొటోలవగానే సగం హాలు ఖాళీ. ఎదురుగా వంపు తిరిగిన బల్ల వెనక మేయరు, ఆరుగురు సభ్యులు, ఒక చివర సిటీ మేనేజరు. ఆయన ఎవరని నాన్న అడిగితే మన కమిషనర్ లాంటివాడే అన్నాను, కాకపోతే ఈయన్ని పెట్టుకునేదీ తీసేసేదీ ఈ కౌన్సిలే అన్నాను. "తీసెయ్యగలరా?" అని రెండోసారి అడిగారు. రాష్ట్ర ప్రభుత్వం పంపిన కమిషనర్ల దగ్గర పనిచేసిన మనిషికి అది అంత తేలిగ్గా మింగుడుపడే విషయం కాదు.

మాట్లాడేవాళ్ళు తొమ్మిది మంది, నాది ఆరో నంబరు. మొదటాయన పికిల్‌బాల్ చప్పుడు, పార్కులో టెన్నిస్ కోర్టుని పికిల్‌బాల్‌కి మార్చాక తన పెరట్లో రోజంతా టక్ టక్ అని, ఫోనులో ఆ చప్పుడు రికార్డు చేసి మైకుకి పెట్టి అర నిమిషం వినిపించాడు. తర్వాతావిడ పికిల్‌బాల్ ఆడే ఆవిడ. ఇంకొకావిడ నీళ్ళ బిల్లు. ఇంకో పెద్దాయన ప్రతి మీటింగ్‌కీ వస్తారట, మేయరు ఆయన్ని పేరుతో పిలిచారు, ఆయన ఏం మాట్లాడారో నాకైతే అర్థం కాలేదు, ఎవరూ అడ్డుపడలేదు.

నా ముందు మాట్లాడినాయన మాత్రం గుర్తుండిపోయాడు. ఊరు మారిపోయిందన్నాడు, ఇరవై ఏళ్ళ కిందట తను కొనుక్కున్న ఊరు ఇది కాదన్నాడు, కొట్ల బోర్డులు చూస్తే తనెక్కడున్నాడో తెలియట్లేదన్నాడు, "వీళ్ళందరూ" అని రెండుసార్లు అన్నాడు. గొంతు పెంచలేదు. అతన్నీ ఎవరూ ఆపలేదు, ఆపకూడదు కూడా, నన్ను మాట్లాడనిచ్చే రూలే అతనికీ ఉంది. ఆ మూడు నిమిషాలూ ఎదురుగా ఉన్నవాళ్ళు ఎవరూ మా వరస కేసి చూడకుండా జాగ్రత్తపడటం నాకు తెలుస్తూనే ఉంది.

"ఏమంటున్నాడు?" అన్నారు నాన్న చెవిలో.

"ట్రాఫిక్ గురించి" అన్నాను.

వెంటనే నా పేరు పిలిచారు. మేయరు నా ఇంటి పేరు పలకడానికి రెండుసార్లు ప్రయత్నించి నవ్వి క్షమించమన్నారు. మైకు నాకంటే ఎత్తుగా ఉంది, కిందికి వంచితే కీచుమంది. పోడియం మీద మూడు చిన్న లైట్లు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. కాళ్ళు వణుకుతున్నాయి, చేతులు కాదు, అది ఎవరికీ కనపడదులే అనుకున్నాను. మొదటి రెండు వాక్యాలు మైక్రోవేవ్ ముందు చదివినంత వేగంగా చదివేశాను, మధ్యలో ఒక సభ్యురాలు నాన్న కాగితం చేతిలోకి తీసుకుని గీతలు చూస్తుండటం కనపడి నెమ్మదించాను. "మీరు లెక్కపెట్టిన సాయంత్రం గంటల్లో ఇప్పుడు బయట 102 డిగ్రీలు, వీళ్ళు దాటేది ఏడు తర్వాత" అన్నప్పుడు ఎవరో చిన్నగా నవ్వారు, మంచి నవ్వే. డెబ్బై ఏళ్ళ మనిషి వాక్యం దగ్గర పసుపు వెలిగింది. గొంతు పట్టలేదు. ఆశ్చర్యం, ఇంకా పదిహేను సెకన్లు మిగిలాయి, ఏం చెయ్యాలో తెలియక థాంక్యూ చెప్పి వచ్చి కూర్చున్నాను.

"థాంక్యూ" అన్నారు మేయరు. తర్వాతి పేరు పిలిచారు.

అంతే. ఒక ప్రశ్న లేదు, ఒక మాట లేదు. నూతిలో రాయి వేస్తే కనీసం బుడుంగుమంటుంది. నాన్న "ఏమన్నారు?" అంటే "థాంక్యూ అన్నారు" అన్నాను, ఆయన "అంతేనా?" అన్నారు, నాకు అక్కడే లేచి వెళ్ళిపోవాలనిపించింది. మా వాట్సాప్ గ్రూపు గుర్తొచ్చింది.

ఇది వాళ్ళ పొగరు కాదని మీటింగ్ అయ్యాక తెలిసింది. టెక్సాస్ ఓపెన్ మీటింగ్స్ చట్టం ప్రకారం అజెండాలో లేని విషయం మీద కౌన్సిల్ చర్చించకూడదు. ఉన్న వాస్తవం ఏదైనా చెప్పొచ్చు, ఉన్న పాలసీ చదవొచ్చు, లేదా ఇంకో మీటింగ్ అజెండాలో పెడదామనొచ్చు, అంతకు మించి కుదరదు. ఎందుకంటే దాని మీద మాట్లాడాలనుకునే ఇంకొకళ్ళకి ముందుగా తెలియాలి కదా. అజెండా ముందే బయట పెట్టాలి, మేం వెళ్ళినప్పుడు 72 గంటలు, 2025 సెప్టెంబరు నుంచి మూడు పనిదినాలు చేశారు. ఇంటికెళ్తూ కారులో ఇది చెబితే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే వీళ్ళకి టేబుల్ అజెండా ఉండదన్నమాట" అన్నారు. మన మున్సిపాలిటీల్లో మీటింగ్ మొదలయ్యాక అప్పటికప్పుడు బల్ల మీదకి కాగితాలొస్తాయి, ఎవరూ చదవకముందే తీర్మానం అయిపోతుంది, దాని మీద ఎన్ని గొడవలు చూశారో ఆయన. మన కౌన్సిల్లో జనం తరఫున వార్డు కౌన్సిలర్ అరవాలి తప్ప జనం మైకు దగ్గరికి రావడం అనేది లేదు, జనానికి సోమవారం గ్రీవెన్స్, అర్జీ, లైను. ఆ లైనుకి అవతలి వైపు కూర్చున్న మనిషి ఆయన. ఆ రాత్రి దాని గురించి ఇంకేం అనలేదు.

ఇక్కడేదో గొప్పగా ఉందని కాదు. నా తర్వాత ముగ్గురు మాట్లాడాక కన్సెంట్ అజెండా అని పదిహేడు అంశాలు, అందులో రోడ్డు కాంట్రాక్టులు కూడా ఉన్నాయి, అన్నీ కలిపి ఒకే ఓటుతో నిమిషంలో పాస్ చేసేశారు. ఏ సభ్యుడైనా కావాలంటే అందులోంచి ఒకటి బయటికి తీసి విడిగా చర్చ పెట్టమనొచ్చు. ఆ రోజు ఎవరూ తియ్యలేదు. నాన్నకి అది మాత్రం తెలిసిన వాతావరణంలా అనిపించింది, కుర్చీలో కాస్త వెనక్కి వాలారు.

బయటికొస్తుంటే వరండాలో సిటీ గుర్తున్న చొక్కా వేసుకున్న ఒకాయన మా వెనకే వచ్చాడు. ట్రాఫిక్ విభాగం, వేరే ఐటం కోసం వచ్చాడట. నాన్న లెక్కల కాగితం అతని చేతిలో ఉంది. ఇది ఎవరు తీశారని అడిగాడు, నాన్నని చూపించాను. చెయ్యి కలిపి, చాలా బాగుంది, కానీ మేం పావుగంటకోసారి విడగొడతాం, అలా ఉంటే ఇంకా బాగుండేది అన్నాడు. కార్డిచ్చాడు. నాన్నకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు, నా మూడు నిమిషాల వల్ల కాదు, ఆ పావుగంట వల్ల. మర్నాడు ఏడింటికి మళ్ళీ మడత కుర్చీ, కొత్త పేజీ, గంటకి నాలుగు గళ్ళు. ఫొటో తీసి ఆ ట్రాఫిక్ విభాగం ఆయనకి పంపాను.

ఆగస్టులో మా గేటు దగ్గర దీపస్తంభానికి బూడిద రంగు డబ్బా ఒకటి కట్టారు, పైన కెమెరా. నాన్న కంట పడకుండా ఉంటుందా? ఆ సాయంత్రమే వీధి వీధి తిరిగి "ఈ వారం అందరూ తప్పకుండా నడకకి రండి, లెక్క తీస్తున్నారు" అని చెప్పి వచ్చారు. "నాన్నా, అది రిగ్గింగ్" అన్నాను. "రోజూ వచ్చేవాళ్ళనే రమ్మన్నాను" అన్నారు. మా అమ్మ మాత్రం ఆ వారం మూడుసార్లు దాటిందని నా అనుమానం.

సెప్టెంబరులో ఈమెయిలొచ్చింది. సాయంత్రం లెక్క 20 దాటింది, బీకన్‌కి ఈ చోటుని పరిశీలించొచ్చు, కానీ ఖర్చు పెద్దది, అక్టోబరు 1తో మొదలయ్యే బడ్జెట్ అప్పటికే ఖరారైంది కాబట్టి ఆపై ఏడాదికి ప్రతిపాదిస్తాం, ఈలోపు హెచ్చరిక బోర్డులు పెడతాం. రెండు వారాల్లో పెట్టారు, పసుపు పచ్చ డైమండ్, మధ్యలో నడుస్తున్న నల్ల బొమ్మ. కార్లు తగ్గాయా అంటే పెద్దగా లేదు. పడిపోయిన అనంతపురం పెద్దాయన అప్పటికి ఇండియా వెళ్ళిపోయారు, ఇక రానన్నారట. అమ్మానాన్నలు అక్టోబరు మొదటి వారంలో వెళ్ళారు. ఎయిర్‌పోర్టుకి బయల్దేరేముందు నాన్న ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు.

ఇప్పుడు ఆదివారం వీడియో కాల్‌లో బీపీ మాత్రల సంగతి నేను అడుగుతాను, "శాంక్షన్ అయిందా?" అని ఆయన అడుగుతారు. కాలేదు. ఈ ఆగస్టులో బడ్జెట్ మీద పబ్లిక్ హియరింగ్ ఉంటుంది. గ్రూపులో మళ్ళీ అడిగాను, ఈసారి నలుగురు వస్తామన్నారు, అందులో ఇద్దరు పోయినసారి వీసా అన్నవాళ్ళే. మైక్రోవేవ్ ఎలాగూ ఉంది. కార్డులో ఐటం నంబరు గడి మాత్రం ఈసారి ఖాళీగా వదలక్కర్లేదు.